సేవ్ నొక్కే ముందు: ఫైళ్లు, ఫోల్డర్ల పని కొత్తగా నేర్చుకునేవారికి

కంప్యూటర్ కొత్తగా వాడుతున్నవారి నోట తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది: "నిన్న గంటసేపు కూర్చుని టైపు చేశాను. ఈ రోజు చూస్తే ఫైలు లేదు." చాలాసార్లు ఆ ఫైలు ఎక్కడికీ పోదు. సేవ్ నొక్కినప్పుడు తెర మీద ఏ ఫోల్డరు ఉందో ఆ ఫోల్డరులో, పేరు గడిలో ఏముందో ఆ పేరుతో నిక్షేపంగా ఉంటుంది. ఆ రెండూ మనం చూసుకోలేదు, అంతే. ఫైళ్ల విషయంలో నేర్చుకోవలసిందంతా దాదాపు ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది: ఎక్కడ? ఏ పేరుతో?

కింద చెప్పినవన్నీ విండోస్ వాడేవారిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మ్యాక్‌లో తేడా ఉన్నచోట అదీ చెబుతాను. ఊరికే చదువుకుంటూ పోకుండా కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్కటీ చేసి చూడండి. సాధనకు ఖాళీ ఫైళ్లు చాలు, వాటితో ఎన్ని పొరపాట్లు చేసినా నష్టం లేదు.

ముందు చోటు తెలుసుకోండి

కీబోర్డు మీద విండోస్ గుర్తు ఉన్న మీటను నొక్కిపట్టి ‘ఇ’ నొక్కండి. తెరుచుకునే విండో పేరు ఫైల్ ఎక్స్‌ప్లోరర్. మ్యాక్‌లో దీని బదులు ఫైండర్ ఉంటుంది, తెర అడుగున బొమ్మల వరుసగా ఉండే డాక్‌లో నవ్వుముఖం బొమ్మ దానిదే. ఎక్స్‌ప్లోరర్‌లో ఎడమవైపు డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి పేర్లు కనిపిస్తాయి. ఇవన్నీ విండోస్ మీకోసం ముందే తయారుచేసి ఉంచిన ఫోల్డర్లు. లైనక్స్ (విండోస్ లాంటిదే మరో వ్యవస్థ) పాఠాల్లో డైరెక్టరీ అని కనిపిస్తే అదీ ఫోల్డరే.

అదే వరుసలో ‘దిస్ పీసీ’ నొక్కితే డ్రైవులు, అంటే ఫైళ్లను దాచే డిస్కులు లేదా వాటి భాగాలు, కనిపిస్తాయి. మొదటిది ‘సి’తో ఎందుకు మొదలైంది, ఎ, బి ఏమయ్యాయి అన్న సందేహం చాలామందికి వస్తుంది. ఒకప్పుడు ఆ రెండు అక్షరాలూ ఫ్లాపీ డిస్కులవి. ఫ్లాపీలు మాయమయ్యాయి గానీ వాటి అక్షరాలను అలాగే వదిలేశారు. సేవ్ బటన్ మీద ఇప్పటికీ కనిపించే చదరపు బొమ్మ కూడా ఫ్లాపీదే. సి డ్రైవులో ‘విండోస్’, ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ అనే ఫోల్డర్లు ఉంటాయి. వాటి జోలికి వెళ్లకండి. మీ పనంతా మీ పేరుతో ఉన్న ఫోల్డరులోనే జరగాలి.

ఇప్పుడు డాక్యుమెంట్స్ తెరిచి, పైన చిరునామా కనిపించే గడిలో ఖాళీచోట ఒకసారి క్లిక్ చేయండి. ‘సి:\యూజర్స్\మీ పేరు\డాక్యుమెంట్స్’ లాంటి వరుస కనిపిస్తుంది. ఇది ఆ ఫోల్డరు పూర్తి చిరునామా. ఏ డ్రైవులో, ఏ ఫోల్డరు లోపల, మళ్లీ దాని లోపల ఏది అన్నది ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. ఆ వరుస మధ్యలో ‘వన్‌డ్రైవ్’ అన్న మాట కనిపిస్తే మీ డాక్యుమెంట్స్ ఫోల్డరు ఇంటర్నెట్‌లోని మీ ఖాతాతో ముడిపడి ఉన్నట్టు. ఉచిత ఖాతాలో 5 జీబీ మాత్రమే ఇస్తారు కాబట్టి ఫొటోలు, వీడియోలు అందులో వేసుకుంటూ పోతే కొన్నాళ్లకు నిండిపోయిందన్న హెచ్చరిక మొదలవుతుంది. ఈ ఏర్పాటు మంచిదే, కానీ ఉందో లేదో మీకు తెలిసి ఉండాలి.

ఒక ఫోల్డరు, దాని లోపల మరో రెండు

డాక్యుమెంట్స్‌లోనే ఉండి కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మీటలు మూడూ కలిపి నొక్కండి. మ్యాక్‌లో కంట్రోల్ బదులు కమాండ్. ‘న్యూ ఫోల్డర్’ అనే పేరుతో కొత్తది పుడుతుంది. పేరు నీలంగా వెలుగుతున్నప్పుడే ‘సాధన’ అని టైపు చేసి ఎంటర్ నొక్కండి. ఈలోగా పొరపాటున వేరేచోట క్లిక్ చేస్తే పేరు ‘న్యూ ఫోల్డర్’గానే ఉండిపోతుంది. దాన్ని ఒకసారి క్లిక్ చేసి ఎఫ్2 నొక్కితే మళ్లీ పేరు మార్చుకోవచ్చు. మ్యాక్‌లో ఎఫ్2 బదులు రిటర్న్ మీట. చాలామంది కంప్యూటర్లలో ‘న్యూ ఫోల్డర్’, ‘న్యూ ఫోల్డర్ 2’, ‘న్యూ ఫోల్డర్ 3’ వరుసగా కనిపించడానికి కారణం ఈ ఒక్క క్షణం తొందరే.

సాధన ఫోల్డరును రెండుసార్లు క్లిక్ చేసి లోపలికి వెళ్లి, ఇదే పద్ధతిలో ‘ఉత్తరాలు’, ‘లెక్కలు’ అని రెండు ఫోల్డర్లు చేయండి. పైన చిరునామా ఎలా మారిందో గమనించండి. ఒక మెట్టు వెనక్కి రావాలంటే ఆల్ట్ పట్టుకుని పైబాణం మీట నొక్కాలి.

1981లో వచ్చిన, విండోస్ కన్నా ముందటి వ్యవస్థ అయిన మొదటి ఎంఎస్-డాస్‌లో ఇలా ఫోల్డరులో ఫోల్డరు పెట్టుకునే వీలు లేదు. డిస్కులో ఉన్న ఫైళ్లన్నీ ఒకే జాబితా. పెద్ద హార్డ్ డిస్కులు వచ్చాక అది సరిపోక 1983లో రెండో వెర్షన్‌తో ఈ ఏర్పాటు తెచ్చారు.

సేవ్ విండోను చదవడం

ఈ భాగాన్ని నిదానంగా చేయండి. నోట్‌ప్యాడ్ తెరిచి నాలుగు వాక్యాలు తెలుగులో టైపు చేయండి. ఇంతవరకు మీరు రాసింది కంప్యూటర్ తాత్కాలిక జ్ఞాపకంలోనే ఉంది. కరెంటు పోతే అదీ పోవచ్చు. కంట్రోల్ పట్టుకుని ‘ఎస్’ నొక్కండి.

ఒక విండో వస్తుంది. దాన్ని చూడగానే కొత్తవారి చేయి నేరుగా సేవ్ బటన్ మీదికి పోతుంది. ఆగి, పై నుంచి కిందికి చదవండి. అన్నిటికన్నా పైన చిరునామా ఉంటుంది, అదే ‘ఎక్కడ’కు జవాబు. సాధారణంగా కిందటిసారి వాడిన ఫోల్డరునో, డాక్యుమెంట్స్‌నో ప్రోగ్రాము తనంతట తాను చూపిస్తుంది. మీకు కావలసింది అది కాకపోతే ఎడమవైపు డాక్యుమెంట్స్ నొక్కి, సాధన లోపలికి, ఉత్తరాలు లోపలికి వెళ్లండి. తర్వాత ‘ఫైల్ నేమ్’ గడిలో ప్రోగ్రాము సూచించిన పేరును చెరిపి మీ పేరు పెట్టండి. అలా వదిలేస్తే వర్డ్ వంటి ప్రోగ్రాములు మొదటి వాక్యంలోని ముక్కనే పేరుగా పెట్టేస్తాయి. ‘గౌరవనీయులైన’ అన్న పేరుతో పది ఉత్తరాలు పోగుపడతాయి.

నోట్‌ప్యాడ్‌లో ఇంకో గడి ఉంటుంది, ‘ఎన్‌కోడింగ్’ అని. అక్షరాలను కంప్యూటర్ ఏ పద్ధతిలో దాచుకోవాలో చెప్పేది ఇదే. తెలుగులో రాసేవారు దీన్ని తప్పక చూడాలి. అక్కడ యూటీఎఫ్-8 ఉండాలి. ఏఎన్‌ఎస్‌ఐ అని ఉండగా సేవ్ చేసి మూసేస్తే, మళ్లీ తెరిచినప్పుడు తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు బారులు తీరి ఉంటాయి. అవి తిరిగి అక్షరాలు కావు. విండోస్ 10కు 2019లో వచ్చిన మార్పు తర్వాత నోట్‌ప్యాడ్ తనే యూటీఎఫ్-8 ఎంచుకుంటోంది. పాత కంప్యూటర్ అయితే మాత్రం మీరే మార్చుకోవాలి.

అంతా సరిగా ఉందనుకున్నాక సేవ్ నొక్కండి. ఎక్స్‌ప్లోరర్‌లో ఉత్తరాలు ఫోల్డరు తెరిచి ఫైలు నిజంగా వచ్చిందో లేదో కళ్లతో చూసుకోండి. మొదటి కొన్ని రోజులు ఇలా చూసుకోవడం అలవాటైతే తర్వాత వెతుకులాట తప్పుతుంది.

ఒకసారి పేరు పెట్టాక కంట్రోల్-ఎస్ ఎన్నిసార్లు నొక్కినా ఏ విండో రాదు. పాతదాని స్థానంలో కొత్తది చేరుతుంది. పాతది అలాగే ఉంచి మరో ప్రతి కావాలంటే ‘సేవ్ యాజ్’ వాడాలి. పాత ఉత్తరం తెరిచి, అందులోనే చిరునామా, తేదీ మార్చి కొత్త ఉత్తరం తయారుచేసేటప్పుడు ఇది ముఖ్యం. మార్పులు మొదలుపెట్టక ముందే ‘సేవ్ యాజ్’ కొట్టి కొత్త పేరు పెట్టండి, ఆ తర్వాతే ఒక్క అక్షరమైనా ముట్టుకోండి. మార్పులన్నీ చేశాక చూద్దాంలే అనుకుంటే, అలవాటుగా వేలు కంట్రోల్-ఎస్ మీద పడి పాత ఉత్తరం కాస్తా చెరిగిపోతుంది.

నిజంగానే పని పోయే సందర్భాలూ రెండున్నాయి. ఈమెయిల్‌తో వచ్చిన ఫైలును నేరుగా అక్కడే తెరిచి, మార్పులు చేసి సేవ్ కొట్టడం మొదటిది. అలా తెరిచిన ఫైలు చాలాసార్లు కంటికి కనబడని తాత్కాలిక ఫోల్డరులో ఉంటుంది. మీ మార్పులు అందులోకే పోతాయి, మెయిల్‌లోని ఫైలు మాత్రం మారదు. ముందు డౌన్‌లోడ్ చేసి, మీ ఫోల్డరులోకి తెచ్చుకుని, అప్పుడు తెరవండి. రెండోది జిప్ ఫైలు, అంటే చాలా ఫైళ్లను కుదించి ఒకే ఫైలుగా కట్టిన మూట. దాన్ని రెండుసార్లు క్లిక్ చేస్తే మామూలు ఫోల్డరులాగే తెరుచుకుంటుంది కాబట్టి మోసపోతాం. దాని మీద రైట్ క్లిక్ చేసి ‘ఎక్స్‌ట్రాక్ట్ ఆల్’ నొక్కి ఫైళ్లను బయటికి తీశాకే పని మొదలుపెట్టాలి.

పేరు ఎలా పెట్టాలి

విండోస్‌లో ఫైలు పేరులో వాడకూడని గుర్తులు తొమ్మిది: \ / : * ? " < > | . వీటిలో మనకు తరచూ అడ్డం వచ్చేది తేదీలో వాడే ఏటవాలు గీత. 14/3/2025 అని పెట్టబోతే కంప్యూటర్ ఒప్పుకోదు. దాని బదులు 2025-03-14 అని రాయండి. ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు. ఇది చూడడానికి కొంచెం వింతగా ఉన్నా ఇందులో ఒక సుఖం ఉంది: పేర్ల వరుసలో పెడితే ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. రోజును ముందు రాస్తే మార్చి 14 ఫైలు పక్కన మార్చి 15ది కాకుండా జూన్ 14ది వచ్చి కూర్చుంటుంది. నెల ఒకే అంకె అయినా ముందు సున్నా పెట్టడం మరిచిపోవద్దు. అధ్యాయాలకు, భాగాలకు సంఖ్యలు ఇచ్చేటప్పుడూ 01, 02 అనే మొదలుపెట్టండి. కొన్ని ప్రోగ్రాములు అంకెలను అక్షరాల్లా పోల్చి 10ని 2 కన్నా ముందు పెడతాయి.

మంచి పేరు ఫైలు తెరవకుండానే లోపల ఏముందో చెప్పాలి. ‘లెటర్’ అనే పేరు ఏమీ చెప్పదు. ‘2025-03-14 బ్యాంకుకు ఖాతా మార్పు ఉత్తరం’ అన్నీ చెబుతుంది. ‘కొత్తది’, ‘కొత్త కొత్తది’, ‘ఇదే అసలుది’ అన్న వరుసకు మాత్రం దిగకండి. మార్పులు చేసిన ప్రతులు విడిగా ఉంచుకోవాలంటే పేరు చివర 01, 02 చేర్చుకుంటూ పోండి. పెద్ద సంఖ్య ఉన్నదే తాజా ప్రతి.

పేరు తెలుగులో పెట్టవచ్చా? మీ కంప్యూటర్‌లో నిశ్చింతగా పెట్టండి, వెతికినప్పుడు తెలుగులోనే దొరుకుతుంది. ఇతరులకు పంపే ఫైళ్లకు, వెబ్‌సైట్లలో దరఖాస్తులతో పాటు ఎక్కించే ఫైళ్లకు మాత్రం ఇంగ్లిష్ అక్షరాలే వాడమంటాను. కొన్ని సైట్లు వేరే లిపిని, ఖాళీలను తీసుకోవు. మరో చిన్న సంగతి: లైనక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. బైటు అంటే కంప్యూటర్ దాచుకునే సమాచారానికి ఒక చిన్న కొలత. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో హల్లుకు, గుణింతపు గుర్తుకు, వత్తు వెనక దాగిన పొల్లుకు విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. ‘స్త్రీ’ ఒక్కటే 18 బైట్లు మింగేస్తుంది. విండోస్‌లో చిరునామా మొత్తానికి 260 అక్షరాల హద్దు ఇప్పటికీ చాలాచోట్ల వర్తిస్తుంది. కాబట్టి ఫైలు పేరు వ్యాసంలా ఉండనక్కరలేదు.

పేరు చివర చుక్క తర్వాత వచ్చే మూడు నాలుగు అక్షరాలను ఎక్స్‌టెన్షన్ అంటారు. ఫైలును ఏ ప్రోగ్రాముతో తెరవాలో విండోస్ దీన్ని బట్టే నిర్ణయిస్తుంది. టీఎక్స్‌టీ నోట్‌ప్యాడ్‌ది, డీఓసీఎక్స్ వర్డ్‌ది, జేపీజీ ఫొటోది. విండోస్ మామూలుగా దీన్ని దాచిపెడుతుంది. నన్నడిగితే ఇది మంచి నిర్ణయం కాదు. ఎక్స్‌ప్లోరర్ పైన ‘వ్యూ’, అందులో ‘షో’, అందులో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ నొక్కి బయటపెట్టుకోండి. 2000 మే నెలలో ప్రపంచమంతా పాకిన ‘ఐ లవ్ యూ’ వైరస్ ఈ దాపరికాన్నే వాడుకుంది. ప్రేమలేఖ అని పేరు, చివర టీఎక్స్‌టీ అని కనిపించేది. దాని తర్వాత ఉన్న అసలు ఎక్స్‌టెన్షన్ దాగి ఉండడంతో అది ప్రోగ్రాము అని తెలియక జనం తెరిచారు. ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకున్నాక ఒక జాగ్రత్త: పేరు మార్చేటప్పుడు చుక్క తర్వాతి భాగాన్ని కదపకండి. జేపీజీని పీడీఎఫ్ అని మార్చి రాసినంత మాత్రాన ఫొటో పీడీఎఫ్ కాదు, తెరుచుకోకుండా మొండికేస్తుంది, అంతే.

సర్దుకోవడం

ఫోల్డర్లను ఫైలు రకాన్ని బట్టి కాకుండా పనిని బట్టి చేసుకోండి. ‘వర్డ్ ఫైళ్లు’, ‘ఎక్సెల్ ఫైళ్లు’, ‘పీడీఎఫ్‌లు’ అని విడదీస్తే ఒకే పనికి సంబంధించిన కాగితాలు మూడుచోట్ల చెదిరిపోతాయి. ఒక ఇల్లు కట్టుకుంటున్నారనుకోండి: దాని ప్లాను, లెక్కలు, రసీదులు, ఫొటోలు అన్నీ ఒకే ఫోల్డరులో ఉంటేనే అవసరానికి దొరుకుతాయి. ఏటా తిరిగి వచ్చే పనులైతే లోపల సంవత్సరాల వారీగా విడదీయండి. మూడు అంచెలు దాటి లోతుకు పోవడం నాకు నచ్చదు. నాలుగు ఫైళ్లకు ఐదు ఫోల్డర్లు చేసేవారిని చూస్తాం, సర్దడమే పని అయిపోతుంది. ఒక ఫోల్డరులో ఫైళ్లు ఒక తెర నిండి కిందికి జారినప్పుడు విడదీయడం గురించి ఆలోచించండి, ముందు కాదు.

ఫైలును ఒకచోటి నుంచి మరోచోటికి మార్చడానికి దాన్ని ఎంచుకుని కంట్రోల్-ఎక్స్, వెళ్లవలసిన ఫోల్డరు తెరిచి కంట్రోల్-వీ. నకలు చాలనుకుంటే ఎక్స్ బదులు సీ. మ్యాక్‌లో ఫైళ్లకు కట్ లేదు. కమాండ్-సీ కొట్టి, కొత్త చోట కమాండ్, ఆప్షన్, వీ కలిపి నొక్కితే ఫైలు తరలుతుంది. మౌస్‌తో లాగి వదలడం తేలికే గానీ అందులో ఒక మెలిక ఉంది. అదే డ్రైవులో వదిలితే ఫైలు తరలిపోతుంది, వేరే డ్రైవులో వదిలితే నకలు మాత్రమే వెళ్తుంది. మౌస్ కుడి బటన్ పట్టుకుని లాగి చూడండి: వదలగానే కాపీ చేయాలా, మూవ్ చేయాలా అని అదే అడుగుతుంది. లాగుతుండగా చేయి జారి ఫైలు ఏ ఫోల్డరులో పడిందో తెలియకపోతే కంగారుపడకుండా వెంటనే కంట్రోల్-జడ్ నొక్కండి. పాత చోటికి వచ్చేస్తుంది. పేరు మార్పుకూ ఇదే పనిచేస్తుంది.

చాలా ఫైళ్లను ఒకేసారి కదపాలంటే మొదటిదాన్ని క్లిక్ చేసి, షిఫ్ట్ పట్టుకుని చివరిదాన్ని క్లిక్ చేస్తే మధ్యవన్నీ వస్తాయి. అక్కడక్కడా ఉన్నవాటికి కంట్రోల్ పట్టుకుని ఒక్కొక్కటే క్లిక్ చేయాలి.

డెస్క్‌టాప్ మీద ఏ బొమ్మకైనా ఎడమ మూల చిన్న బాణం కనిపిస్తే అది షార్ట్‌కట్. అసలు ఫైలు మరెక్కడో ఉంది, ఇది దానికి దారి చూపేది మాత్రమే. దీన్ని పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకుని ఇంకో కంప్యూటర్‌లో తెరవబోయి భంగపడేవారు తక్కువేమీ కాదు. రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ నొక్కితే అసలు ఫైలు దగ్గరికి తీసుకెళ్తుంది. దాన్ని కాపీ చేసుకోండి.

ఇక డౌన్‌లోడ్స్ ఫోల్డరు. అది ఫైళ్లు దిగే చోటు, ఉండే చోటు కాదు. వారానికి ఒకసారి తెరిచి, కావలసినవి వాటి ఫోల్డర్లలోకి పంపి, మిగిలినవి తీసేయండి.

దొరకనప్పుడు, చెరిపినప్పుడు

పేరు గుర్తులేని ఫైలును వెతకడానికి తేలికైన మార్గం తేదీ. ఫోల్డరులో ‘డేట్ మాడిఫైడ్’ అన్న శీర్షిక మీద క్లిక్ చేస్తే ఇటీవల సేవ్ చేసినవి పైకి వస్తాయి. ఏ ఫోల్డరో కూడా తెలియకపోతే దాన్ని రాసిన ప్రోగ్రామునే తెరిచి ‘రీసెంట్’ జాబితా చూడండి. అక్కడ కనిపించిన ఫైలును తెరిచి ‘సేవ్ యాజ్’ నొక్కితే అది ఏ ఫోల్డరులో ఉందో చాలా ప్రోగ్రాముల్లో పైనే కనిపిస్తుంది. చూసుకుని క్యాన్సిల్ చేసేయండి. పేరులో ఒక్క ముక్క గుర్తున్నా చాలు, ఎక్స్‌ప్లోరర్ కుడివైపు పైన ఉన్న వెతికే గడిలో టైపు చేయండి.

డిలీట్ నొక్కిన ఫైలు రీసైకిల్ బిన్‌లోకి వెళ్తుంది. దాన్ని తెరిచి, ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ‘రిస్టోర్’ అంటే మొదట ఉన్న ఫోల్డరుకే తిరిగి వస్తుంది. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కితే మాత్రం బిన్‌లోకి వెళ్లదు, నేరుగా పోతుంది. పెన్‌డ్రైవులో చెరిపినవీ అంతే. అలా చెరిపే ముందు విండోస్ అడిగే ప్రశ్నను చదవకుండా ‘ఎస్’ (అవును) కొట్టకండి.

మరో ప్రతి

పోతే బాధపడే ఫైలు ఒకే చోట ఉండకూడదు. ఈ పని తెలిసినవారు పాటించే లెక్క 3-2-1: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి మరో చోట. కొత్తవారికి దీని అర్థం: కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్కులో ఒకటి, ఇంటర్నెట్ ఖాతాలో ఒకటి. ఇంటర్నెట్ ఖాతా ఒక్కటే ఉంటే చాలదు, ఎందుకంటే ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. అక్కడి చెత్తబుట్టలో కొన్నాళ్లు ఉంచుతారు గానీ ఆ గడువు దాటాక దొరకదు.

పెన్‌డ్రైవులో బోలెడంత ఖాళీ ఉన్నా పెద్ద వీడియో ఎక్కడం లేదంటే అది ఫైళ్లను అమర్చుకునే ఎఫ్ఏటీ32 అనే పాత పద్ధతిలో ఉండవచ్చు. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ కన్నా చిన్నదిగా ఉండాలి. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి ఫార్మాట్ చేస్తే ఆ హద్దు ఉండదు. అయితే ఫార్మాట్ చేయగానే అందులో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ముందు వాటిని మరోచోటికి తీసుకోండి.

కాపీ అయ్యాక పెన్‌డ్రైవును గభాలున లాగేయకండి. ఎక్స్‌ప్లోరర్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి ‘ఇజెక్ట్’ నొక్కి, తీయవచ్చని చెప్పాకే తీయండి. వీలైతే దాన్ని ఇంకో కంప్యూటర్‌కు పెట్టి ఒకటి రెండు ఫైళ్లు తెరిచి చూడండి. అవి తెరుచుకున్నాకే ఆ ప్రతిని లెక్కలోకి తీసుకోండి.